దుప్పట్లు నలభై, ఆమేన్

ఆసుపత్రిలో ఏ వార్డులో ఎంతమంది పడుకున్నారో పెద్ద డాక్టరుగారికైనా తెలుస్తుందో లేదో గానీ, కింద నేలమాళిగలో బట్టలుతికే గదిలో పనిచేసే దుప్పట్లక్కకు పొద్దున ఏడయ్యేసరికి తెలిసిపోతుంది. పైనుంచి మాసిన బట్టల మూటలు దిగుతాయి. ఒక్కో మూటా విప్పి, వార్డు పేరు చెప్పి, దుప్పట్లెన్ని, దిండు గలీబులెన్ని, మరకలవి ఎన్ని అని పైకి చెప్పాలి. గదికి ఆ చివరన గుమాస్తా రాసుకుంటాడు. యంత్రాల హోరులో గొంతు చించుకుంటే తప్ప ఆయనకు వినపడదు. ఆయన "ఊఁ" అంటేనే తరువాతి మూట. పదహారేళ్ళుగా ఇదే పని. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉందేమో మరి, జనం నోట మాత్రం దుప్పట్లక్కే.

ఆమె భర్త బస్సు డ్రైవరు. రెండేళ్ళ కిందట ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ తోముకుంటూ అక్కడే కూలబడ్డాడు. కుడిపక్క చచ్చుబడింది. పోయిన మాట తిరిగొచ్చింది గానీ పది పదిహేను ముక్కలే వచ్చింది, అదీ ఆయనకు బుద్ధి పుట్టినప్పుడు. పిల్లలు లేరు. లేపడం, కడగడం, తినిపించడం, రోజుకు రెండు పూటలా ఆ కాలూ చెయ్యీ ఆడించడం అన్నీ ఆమెకే. డ్యూటీలో ఒళ్ళు హూనమయ్యాక ఇంటికొచ్చి మళ్ళీ రెండో డ్యూటీ అన్నమాట.

ఒకప్పుడు ఆమె ప్రార్థనకు కూర్చుంటే లేచేది కాదు. కొత్త కాపురంలో ఆయన, "దేవుడికి కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే" అని ఏడిపించేవాడు. ఇప్పుడు సాయంత్రం ఆయన మంచం పక్కన మోకరించి "ప్రభువా" అంటుంది, రెండో వాక్యం మొదలవుతుంది, మూడోది ఉండదు. నుదురు మంచం పట్టెకు ఆని నిద్ర ముంచుకొస్తుంది. లేచేసరికి నుదుటి మీద పట్టె అచ్చు పడి ఉంటుంది. రెండేళ్ళలో ఒక్క ప్రార్థన కూడా చివరంటా వెళ్ళలేదు. సగంలో ఆగిన ప్రార్థన చిరునామా రాయని ఉత్తరంలాంటిదని ఆమె నమ్మకం. పోస్టు చేస్తే మాత్రం ఎక్కడికి చేరుతుంది? మన ఇద్దరిలో ఎవరో ఒకరం నిద్రపోతున్నాం ప్రభువా, అది నేనో నువ్వో తేలడం లేదు అని ఒకరోజు ఉక్రోషంగా అనేసింది కూడా.

వాళ్ళ చిన్న సంఘంలో ఆదివారం ముగింపు ప్రార్థన పాస్టరుగారు చేయరు. సంఘస్థులు వంతులవారీగా చేస్తారు. తలుపుకు అంటించిన కాగితంలో ఒక ఆదివారానికి ఆమె పేరు పడింది. వంతు ఎగ్గొడితే మాట పడాలి కాబట్టి ఇదొక్కటీ చేసేసి, తరువాత పేరు కొట్టెయ్యమని చెప్పి, ఇక ఆ గుమ్మం తొక్కకూడదని తీర్మానించుకుంది. దేవుడి మీద కోపం కాదు. కోపానికైనా ఓపిక కావాలి కదా, ఆమె దగ్గర అదీ లేదు.

ముందురోజు రెండు షిఫ్టులు చేసింది. చక్రాల కుర్చీలో భర్తను తోసుకొచ్చి, చివరి బెంచీ పక్కన నిలిపి, పిలవగానే ముందుకు వెళ్ళి కళ్ళు మూసుకుంది. మొదలు బాగానే ఉంది. "ప్రభువా, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను జ్ఞాపకం చేసుకో" అన్నది. ఆసుపత్రి అనే మాట నోట్లోంచి రావడం, మెదడు నిద్రలోకి జారడం ఒక్కసారే జరిగాయి. నోరు మాత్రం పదహారేళ్ళ అలవాటు కొద్దీ డ్యూటీ ఎక్కేసింది.

"ఏడో వార్డు. దుప్పట్లు నలభై. గలీబులు ముప్పై ఎనిమిది. రక్తం మరకలవి రెండు. పిల్లల వార్డు. చిన్న దుప్పట్లు పంతొమ్మిది. తడిసినవి ఆరు."

గొంతు చించుకుని చెప్పి, "ఊఁ" కోసం ఆగింది. ఎవరూ అనలేదు. ఆమెకు విసుగొచ్చింది. "రాసుకున్నావా లేదా?" అని గద్దించింది.

పాస్టరుగారు కళ్ళు తెరిచి చూశారు. ఎవరో కిసుక్కుమనబోయి ఆగిపోయారు. అప్పుడు ముందు బెంచీలోంచి, ఆ ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన రిటైర్డ్ నర్సమ్మ తాపీగా అన్నది:

"రాసుకున్నాడమ్మా. ఆమేన్."

సంఘమంతా "ఆమేన్" అన్నది. ఆ చప్పుడుకు దుప్పట్లక్క కళ్ళు తెరిచింది. ఏం వాగిందో తెలిసేసరికి తల కొట్టేసినట్టయింది. అందరూ లేచాక పాస్టరుగారి దగ్గరకెళ్ళి, నా పేరు కొట్టెయ్యండి, నాకిక చేతకాదని చెప్పేసింది. మొదలుపెడితే ఆపడం తెలియని ఆ మహానుభావుడు ఏదో చెప్పబోయారు.

ఆయనకంటే ముందు సంఘంలోని టైలరు అందుకున్నాడు. "పోయిన నెల ఏడో వార్డులో ఉన్నానక్కా. నన్నెవరూ తలుచుకోవట్లేదని ఏడ్చుకుంటూ పడుకున్నా. నువ్వు రోజూ లెక్కపెట్టిన నలభైలో ఒకటి నాదేనన్నమాట" అని, కళ్ళు తుడుచుకుంటూ అటు తిరిగిపోయాడు.

నర్సమ్మ ఏడవలేదు. నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందని నిలదీసింది. ఆ వెంటనే తలుపు మీది కాగితం పీకి, వెనక్కి తిప్పి, ఇంకో వంతుల పట్టిక రాసింది. రోజుకొకరు, మధ్యాహ్నం ఆమె డ్యూటీ దిగాక, రెండు గంటలపాటు వచ్చి డ్రైవరుగారి కాలూ చెయ్యీ ఆడించాలి, ఆ రెండు గంటలూ ఆమె పడుకోవాలి. ప్రార్థన వంతులో పేరు మాత్రం కొట్టెయ్యలేదు.

అలా ఎనిమిది నెలలు నడిచింది. అద్భుతాలేమీ జరగలేదు. ఆయన కుర్చీ వీపు పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడుతున్నాడు, అంతే. కానీ ఆమె నిద్రపోతున్నది. నిద్రపోయిన మనిషికి అన్నం రుచి తెలుస్తుంది, ఎదుటివాళ్ళ ముఖం కనబడుతుంది, మూటలు విప్పుతూ ఒక్కో దుప్పటి కింద పడుకున్న మనిషి కోసం లోలోపల ఒక మాట అనుకోబుద్ధవుతుంది. దేవుడు తనను ఇంతమంది చేతులతో పట్టుకున్నాడని తలుచుకుంటే ఆమెకు కళ్ళు చెమరుస్తాయి.

మొన్నొక సాయంత్రం మంచం పక్కన మోకరించి, ఆ మేలు చేసినవాళ్ళను పేరుపేరునా చెప్పి కృతజ్ఞతలు అందామని మొదలుపెట్టింది. టైలరు దాకా వచ్చింది, నిద్రపోయింది. లేచి చూసుకుంటే భుజాల మీద దుప్పటి ఉంది, ఒంటిచేత్తో లాగి కప్పినట్టు వంకరగా.

"మళ్ళీ సగంలో వదిలేశానండీ" అన్నది నొచ్చుకుంటూ.

ఆయన పెదవులు కాసేపు కదిలాయి. మాట లోపలెక్కడినుంచో బరువుగా పైకొచ్చింది.

"నేను... ముగించా."

ఆమె తెల్లబోయి చూసింది. ఆయన ఎడమ చేత్తో ఆమె నుదుటి మీది పట్టె అచ్చును తడిమాడు.

"నువ్వు పడుకున్నాక," అన్నాడు. "రోజూ."