ఈదయ్య కుట్టిన టైరు

ఎద్దులు బావిలోంచి నీళ్లు తోడే మోటకు కింద తోలు తొండం ఉంటుంది. మోతె ఊరి ఈదయ్య పని ఆ తొండాలు కుట్టడం. అతని కుట్ల దగ్గర చుక్క నీరు కారేది కాదు. తంగేడు బెరడుతో పదును చేసిన తోలు కోసి, కుట్టి, చివర కానుగ నూనె రెండు చేతులా మర్దించి అప్పగించేవాడు. నూనె తాగని తోలు అతని చేతి నుంచి ఎవరికీ పోలేదు.

పోలీసు చర్య తర్వాతి వేసవిలో ఊళ్లో పెద్ద రైతు బావికి ఆయిల్ ఇంజను దిగింది. పక్క బావులవాళ్లూ ఇంజను మాటే ఎత్తారు. ఈదయ్యకు పని ఆగిపోయింది. సూర్యాపేటలో సైదులు మేస్త్రి మోటారు షెడ్డుకు పోయి, చిరిగిన టైర్లకు లోపల తోలు అతుకు కుడతానన్నాడు.

"ఒక్కటి కుట్టి సూపెట్టు. నిలబడ్డదంటే గీడనే ఉండు," అన్నాడు సైదులు.

ఆ ఒక్కటి కంపౌండర్ దామోదర్ ఫట్‌ఫటీది. మిలిటరీవాళ్లు అమ్మేసిన మోటారు సైకిలు. వెనక టైరు దారాలు తేలేదాకా అరిగింది. ఆ సైజుది మిర్యాలగూడలో వెతికినా దొరకలేదు. కోదాడలో మిలిటరీ పాత సామాను అమ్మే కొట్లో రెండున్నాయని తెలిసి కంపౌండర్, సైదులు, ఈదయ్య ముగ్గురూ లారీ ఎక్కారు.

ఒకటి అరిగి నున్నగా ఉంది, ఎక్కడా గాటు లేదు. రెండోదానికి నేలను పట్టే గట్లు కొత్తవాటిలా ఎత్తుగా ఉన్నాయి, పక్కన మాత్రం అరచేతి పొడవు కోత. సైదులు నున్నటిదాన్ని వంచి చూశాడు.

"ఇదే తీస్కోండి సాబ్. బరువంతా వెనక చక్రం మీదనే పడ్తది. కోతున్నదాన్ని నమ్మరాదు."

"వానల రేగడి బాటకు గీ నున్నటిదేస్కొని పోతె, నన్ను నువ్వు మోస్తవా?" అన్నాడు కంపౌండర్.

కొట్టతను నవ్వాడు. "రెండూ తీసుకెళ్లండి సార్, ఒకటి మెళ్లో వేసుకోవచ్చు."

ఈదయ్య కోతలో వేలు పెట్టి తడిమాడు. "దారాలు కుళ్లలే మేస్త్రీ. నేను కుడ్త."

"నీళ్లు మోసేది వేరు, గాలి మోసేది వేరయ్యా."

"రెండూ బయటికి ఉరుకుదామనే సూస్తయి గదా."

కంపౌండర్ కోత ఉన్నదాన్నే ఎంచుకున్నాడు.

షెడ్డులో ఈదయ్య తోలు ముక్క అంచులు ట్యూబుకు గుచ్చుకోకుండా కాగితంలా చెక్కాడు. తోలు పొడిచే సూది, ఆరెతో బెజ్జాలు వేసి కుట్టి, ముడులన్నీ బయటి వైపుకు తెచ్చాడు. సైదులు లోపల వేలితో రాసి చూసి, తలూపాడు. అతను చాయ్‌కి పోయాక ఈదయ్య, ఎప్పటిలాగే, తోలుకు కానుగ నూనె పట్టించాడు.

టైరు బాగానే నడిచింది. షెడ్డులో ఈదయ్యకు ఒక మూల దొరికింది. భార్య ముత్తమ్మ మోతె నుంచి గిన్నెలు మోసుకొచ్చింది. వానలు ముదిరాక ఒకనాడు మిర్యాలగూడ దారిలో ఆ టైరు పేలింది. కంపౌండర్ తొడ ఎముక విరిగింది. అతన్ని ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయారు.

సైదులు టైరు విప్పాడు. కుట్టు ఒక్కటీ తెగలేదు. తోలు ఆనిన చోట ట్యూబు ఉబ్బి, జిగురులా వేలికి అంటుకుంది. వాసన చూశాడు.

"నూనె పెట్టినవా?"

"పెట్టకుంటే తోలు పగులుతది గదా మేస్త్రీ."

"రబ్బరును నూనె తింటది, ఈదయ్యా."

ఈదయ్య ట్యూబును తాకి చూశాడు. "సాబ్ మళ్ల నడుస్తడా?"

 మర్నాడే ఈదయ్య మోతెకు తిరిగిపోయాడు, ఆ మూల ఖాళీ అయింది.

కంపౌండర్ కాలు పొట్టిదై అతుక్కుంది. చలికాలంలో సైదులే మోతెకు పోయాడు. "నీ అసొంటి కుట్టు ఎవ్వనికి రాదు. నూనె లేకుంట కుట్టు, ఖతం. ఇగ రా."

ఈదయ్య కుడిచెయ్యి చూపించాడు. "కుట్టయిపోంగనే గిది నూనె గిన్నెకే పోతది మేస్త్రీ. మొన్న ఉత్త తోలు కుట్టి సూసిన. వద్దనుకుంటనే ముంచిన. ఇంకొకల కాలు నాతోని ఇరగొద్దు."

సైదులు సూర్యాపేటకు తిరిగిపోయాడు. తర్వాతి ఎండాకాలం ఈదయ్య, ముత్తమ్మతో కలిసి చెరువు మట్టి పనికి పోయాడు. తట్టలు మోసేవాళ్లలో అతనూ ఒకడు.