సంచిలోంచి తీసిన కొమ్మ

“ఆ కొమ్మ, అడిగితే ఇచ్చేవోరేమోనే,” అన్నాడు మా ఆయన, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

“అడిగే మొగమేనా నీది, మావా? ఎల్లు, సేనికి నీరు కట్టు,” అన్నాను నేను పొయ్యి దగ్గరి నుంచి తల తిప్పకుండా.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. ఆ పూటే చెరకు చేను గట్టు మీద కూలిపోయాడు. రావికమతం ఆటో ఒకటి ఆపి ఇంటికి తెచ్చారు.

నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. నాకు చదువు అంతంత మాత్రం.

అంతకు ముందు రోజే మా వీధి వాళ్లమంతా చోడవరం నుంచి బస్సు కట్టించుకుని, అరకు వైపు కొండ మీద ఒక పాత తోట చూడటానికి వెళ్లాం. ఎవరో దొర తన పెళ్లాం మీద ప్రేమతో వేయించాడట. రాతి బెంచీల మీద కుర్ర జంటలు ఫోటోలు దిగుతున్నాయి. మా ఆయన ప్రతి బోర్డు దగ్గరా ఆగి, కూడబలుక్కుని నాకు చదివి చెప్పాడు. ఇది బ్రెజిల్‌ది, ఇది జపాన్‌ది అని.

“ఇయన్నీ ఓడెక్కి వచ్చేయే. మనం అనకాపల్లి దాటడానికే ఇన్నేళ్లు పట్టింది,” అని నవ్వాడు.

“బేగి నడు, పులిహోర పాసిపోతాది,” అన్నాను. నాకు కాళ్లు లాగేస్తున్నాయి.

ఊదా పూల చెట్టు ఒకదాని దగ్గర మాత్రం కదల్లేదు. నాటే ముందు చెరకు ముచ్చెకి మొలక కన్ను చూసినట్టే కొమ్మను వేలితో తడిమాడు. “కన్ను బాగుందే. నూతికాడ పెడితే బతికేస్తాది. నీకు తల్లోకి పూలు,” అని పుటుక్కున విరిచి నా సంచిలో పెట్టాడు.

గేటు దగ్గర కాపలా మనిషి సంచులు చూస్తున్నాడు. నా వంతు రాకముందే కొమ్మ తీసి అతని చేతిలో పెట్టేశాను. “నాకేటీ తెల్దు బాబూ. ఈ ముసిలోడే ఇరిసేడు,” అన్నాను.

“ఏటి బావా, పెళ్లానికి పూల కోసం దొంగవయిపోయేవా,” అని మా వీధి ఆవిడ అంటే బస్సువాళ్లంతా నవ్వారు. కాపలా మనిషి తిట్టను కూడా లేదు. “ఇంకెప్పుడూ ఇరవకండి,” అన్నాడంతే. మా ఆయన తల దించుకుని బస్సెక్కాడు. దారంతా కిటికీ వైపే చూశాడు. అలిగాడులే, రేపటికి సర్దుకుంటాడనుకున్నాను.

పొద్దున్న సర్దుకుందామనే వచ్చాడు. ఆ కొమ్మ మాట ఎత్తింది నాతో మాట కలపడానికే. నాకది దినాలు అయ్యాక గానీ తట్టలేదు.

ఒసే గుంటా, అంతా రాసేవా? ముసిలోడని నలుగురిలో అన్నది కూడా రాసేవా? మెత్తగా మార్చీకు, అన్నది అన్నట్టే ఉండాల. ఏదీ, మొదట్నుంచి ఓసారి సదివి ఇనిపించు.