ఆ చేతులు నావేనండీ

ఆ సినిమాలో హీరోయిన్ లేసు అల్లే పాట వస్తే, ఇప్పటికీ నాకు ఇంకొకావిడ మొహం కనిపిస్తుంది.

నరసాపురంలో రైలెక్కి, ఫోన్లో ఆ పాటే పెట్టుకున్నాను. హీరోయిన్ ఎంత బాగా అల్లుతోందో అని ముచ్చటపడుతుంటే, పక్కసీట్లో ఆవిడెవరో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపండి, ఆపండి! కాస్త వెనక్కి జరపండి. ఆ చేతులు నావేనండీ!"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. హీరోయిన్ గారికి అల్లడం రాదట. చేతుల్ని దగ్గరగా చూపించిన ప్రతిచోటా ఈవిడనే కూర్చోబెట్టి తీశారట. నా మొహంలో అనుమానం కనిపించిందేమో, సంచిలోంచి సూదీ దారం తీసి, ఫోన్ పక్కనే అల్లడం మొదలెట్టింది. తెరమీద ఎలా కదిలాయో ఆ వేళ్లు అచ్చం అలాగే కదిలాయి. బొటనవేలి మీద అదే పుట్టుమచ్చ!

నేనింక ఆగలేకపోయాను. "ఇటు రండి! సినిమాలో చేతులు ఈవిడవే!" అని పెట్టెంతా వినబడేలా అరిచాను. పాలకొల్లు వచ్చేసరికి మా చుట్టూ జనమే. "మళ్లీ వెయ్యండి, మళ్లీ వెయ్యండి" అంటూ ఒకాయన దిగాల్సిన స్టేషన్లో దిగడమే మర్చిపోయాడు.

ఫొటో తీద్దామని, ఫోన్ని ఆవిడ చేతుల మీదకి వంచాను. ఆవిడ అల్లిక పక్కన పెట్టింది. జుట్టు సర్దుకుని, చేతులు రెండూ కొంగు కింద దాచేసి, తలెత్తి నావైపు సూటిగా చూసింది.

"చేతులు వాళ్లు తీసేశారు కదండీ. మీరు మొహం తియ్యండి."