వడియాలు తెల్లగా ఎండిన రోజు

మీ దగ్గర ఈరోజు గాలి కాలుష్యం ఎంతుంది అమ్మమ్మా అని ఫోనులో అడిగావు కదా కన్నా, ఆ అంకె నాకు తెలియదు. మేడ మీద ఆరేసిన చీర తీసి దులిపితే తెలుస్తుంది, అంతే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో మేము దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, మూడంతస్తుల ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్లం. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లం. చలికాలం వస్తే అక్కడ పొగ పైకి పోదు. బస్సుల పొగ, ఎల్బీనగర్ దాకా లారీలు లేపే దుమ్ము, మూసీ మీది మంచు, దూరపు ఫ్యాక్టరీల ఘాటు, అన్నీ కలిసి తెల్లవారేసరికి వీధి మీద తడిగుడ్డలా పరుచుకునేవి. పాత పంచె మీద గుమ్మడి వడియాలు పెడితే సాయంత్రానికి మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు.

మీ పిన్నికి అప్పుడు పన్నెండేళ్లు. చలి మొదలైతే దాని ఛాతీలో పిల్లికూతలు. మెట్లెక్కాలంటే రెండు చోట్ల కూర్చునేది. ఆ ఏడు డాక్టరు, ఇక మందులతో లాభం లేదు, ఊరు మార్చండి అన్నాడు. తాతయ్య దాన్నొక్కదాన్నీ మా పుట్టింట్లో ఉంచుదామని అక్కడి బడిలో సీటు మాట్లాడి, రైలు టికెట్లు తీసుకొచ్చారు. నన్ను వదిలి వెళ్లనని అది రెండు పూటలు అన్నం ముట్టలేదు.

మేం ట్రంకు పెట్టె మెట్ల కింద దించి పెట్టడం ఇంటి ఓనరమ్మ చూసింది. కింద వాటాలో ఉండేది. ఆవిడది సరూర్‌నగర్ పాత ఊరు, నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మేం ఉద్యమానికి జడిసి వెళ్లిపోతున్నామనుకుని మర్నాడంతా పలకలేదు. సాయంత్రం తానే పైకొచ్చి గుమ్మంలో నిలబడింది.

“మేమేమన్న అన్నమా చెల్లె? పోరగాండ్లు రోడ్డు మీద ఒర్రితే నీకు భయమైందా? ఒక్క మాట చెప్పకుండ సామాను కడ్తరా?”

“మీ భయం కాదక్కా, దీని ఊపిరి,” అని పిల్లను చూపించాను. ఆవిడ దాని వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. కిందికి వెళ్లి, వాము కాచిన నీళ్లు తెచ్చి తాగించింది.

సరిగ్గా ప్రయాణం రోజు నుంచే రెండు రోజుల బంద్ అన్నారు. రైళ్లూ ఆగాయి. పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు తగలబెడితే ఆ నల్లపొగ చూసి పిల్లకేమవుతుందోనని తలుపులన్నీ మూశాను. మధ్యాహ్నానికి అదీ చల్లారింది. ఇక రోడ్డు మీద ఒక్క బండి లేదు.

రెండో రోజు తెల్లవారుతుండగా వడియాల పిండి గిన్నెతో మేడెక్కి, అలాగే నిలబడిపోయాను. ఉత్తరాన మౌలాలి గుట్ట. పదకొండేళ్లుగా ఆ మేడ ఎక్కుతున్నాను, అక్కణ్ణించి గుట్ట కనిపిస్తుందని నాకు తెలియదు. బండరాళ్ల వంపులు కూడా కనిపిస్తున్నాయి. నాగోల్ వైపు మూసీ సన్నగా మెరుస్తోంది. సూర్యుడు అంచు చెదరకుండా, తోమిన పళ్లెంలా లేచాడు. ఈ ఊరికి ఇంత ఆకాశం ఉందా అనుకున్నాను.

తిరిగి చూస్తే మీ పిన్ని. మెట్లన్నీ ఎక్కడా కూర్చోకుండా ఎక్కేసింది. వెనకాలే ఓనరమ్మ, తాను ఆయాసపడుతూ.

“గా గుట్టకు మా నాయిన నన్ను భుజాల మీద తోల్కపోయేటోడు,” అందావిడ మెల్లగా. “కనబడక ఎన్నేండ్లాయె.”

పిల్ల పిట్టగోడ పట్టుకుని నిండా ఊపిరి పీల్చింది. వదిలింది. చప్పుడు లేదు. మళ్లీ పీల్చి, “పెద్దమ్మా, నాకేం అయితలేదు,” అంది. అది ఈ ఊరి మాటే మాట్లాడేది. ముగ్గురం ఎండ ముదిరేదాకా అక్కడే కూర్చున్నాం. సాయంత్రం వడియాలు తీస్తే మల్లెల్లా ఉన్నాయి.

మర్నాడు బస్సులు తిరిగాయి. రెండు రోజుల్లో గుట్ట మాయమైంది, పిల్లికూతలు వచ్చేశాయి. ఆ వారమే తాతయ్య దాన్ని రైలెక్కించారు. నాలుగేళ్లు అక్కడే చదివింది, ఆరోగ్యం కుదుటపడింది. సెలవులకొస్తే మాత్రం చుట్టంలా అడిగి అన్నం పెట్టించుకునేది.

బంద్ రోజు గాలి బాగుపడిన మాట నిజమే. కానీ దాని ప్రయాణం ఆగిందీ అప్పుడే. ఏది కారణమని డాక్టర్ని అడిగితే నవ్వాడు. మొన్న మీ పిన్నినే అడిగాను, గుర్తులేదమ్మా అంది. ఆ పొద్దున దాని ఛాతీ తేలికపడింది గాలికా, నన్ను వదిలి వెళ్లక్కర్లేదనుకున్నందుకా?