ఎద్దు వెంట శ్రీశైలమ్మ

“మొగంలో ఏముంటాది అయ్యోరా? చచ్చినాక అందరి మొగాలూ ఒక్కటే, అలిసిపోయి పండుకున్నట్టు. ఆ పొద్దు మునసబు తాను రాసుకున్న కాయితం చదివి వినిపించినాడు. ‘వయసు సుమారు నలభై. చామనచాయ. మీసం కలదు.’ అంతే! ఆ గుర్తులు పట్టుకొని వెతికితే మా ఇంటాయన గూడా చచ్చినోళ్ళలోకే వస్తాడు.”

“మధ్యలో నన్నెందుకే చంపుతావు?” అన్నాడు లింగయ్య. ఆయన వసారా గుంజకు ఆనుకుని జనపనార తాడు పేనుతున్నాడు.

“చంపల్యా, పోలిక చెప్పినా,” అంది శ్రీశైలమ్మ, కవ్వం ఆపకుండానే.

ఎదురుగా పీట మీద కూర్చున్న నిత్యానందం నవ్వాపుకున్నాడు. అతను మిషను బడిలో పంతులు. మజ్జిగకని వచ్చి చెంబు పక్కన పెట్టి కథలు వినడం అతనికి అలవాటు. అతను వింటుంటే మరిచిపోయిన సంగతులు జ్ఞాపకం రావడం ఆమెకు అలవాటు. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే బాట పక్కన, పదిళ్ళ గొల్లపల్లె అది. చుట్టుపట్ల ఎక్కడైనా పేరూ ఊరూ తెలియని మనిషి కన్ను మూస్తే, జనం ముందు శ్రీశైలమ్మకు కబురు పెట్టి ఆ తర్వాతే మునసబు ఇంటికి పోయేవారు. అక్షరం ముక్క రాని మనిషికి, చచ్చినవాళ్ళ పేరూ ఊరూ తేల్చే ఈ విద్య ఎట్లా అబ్బిందని పంతులు అడిగిన పాపానికి, కథ ఇరవై ఏళ్ళు వెనక్కి నడిచింది.

చైత్రమాసపు ఎండ. మిట్టమధ్యాహ్నం ఒక మనిషి తెల్లెద్దును తోలుకుంటూ వచ్చి ఆమె వాకిట నిలబడ్డాడు. “అక్కా, దప్పిక,” అన్నాడు. శ్రీశైలమ్మ కుండ తెచ్చి ముంతతో అతని దోసిట్లోకి నీళ్ళు వంచింది. సగం నీళ్ళు పక్కనుంచి కారిపోయాయి.

“దోసిలి సరిగా పట్టు నాయనా! బావి ఎండిపోయి నీళ్ళకు మైలు దూరం పోతాండాము ఈడ,” అని కసిరింది.

అతను నొచ్చుకోలేదు. నవ్వాడు. “చాల్లే అక్కా, ముందు ఎద్దుకు పొయ్యి,” అన్నాడు. ఆమె ఎద్దుకు తొట్టి నింపి వచ్చేసరికి తుమ్మచెట్టు నీడలో ఒరిగిపోయి ఉన్నాడు. వడదెబ్బ. ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రుద్దారు, తడిగుడ్డ కప్పారు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది. మొలలో వెతికితే పొగాకు కాడ ఒకటి, సంచిలో ఎండిన సంకటి ముద్ద ఒకటి. అంతకుమించి అతను ఎవరో చెప్పేది ఏదీ లేదు.

మునసబు వచ్చాడు. ఆ మూడు ముక్కలూ రాసుకున్నాడు. ఎండాకాలం శవాన్ని ఆపడానికి లేదని ఆ సాయంత్రమే పూడ్పించాడు. “ఎద్దును ఐదో రోజు మార్కాపురం బందెలదొడ్డికి తోలిస్తా. ఎవరన్నా వెతుక్కుంటా వస్తే ఆడికి పొమ్మనండి,” అన్నాడు.

అందరూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. శ్రీశైలమ్మ మాత్రం అక్కడే కూర్చుంది. ఆమె చిన్నప్పుడు, వానలు లేని ఏడు, ఆమె నాయన గొర్రెల్ని తోలుకుని నల్లమలకు పోయాడు. గొర్రెలు కొన్ని తిరిగొచ్చాయి, ఆయన రాలేదు. పులి పట్టిందన్నారు, జ్వరమన్నారు, ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లుందన్నారు. ఏదీ తేలలేదు. అమ్మ ముప్పై ఏళ్ళు బొట్టు పెట్టుకునే ఉంది. పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి ఆమెను పిలవాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా తనే పోయి పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తూ కూర్చునేది. ఇప్పుడు ఏ ఊళ్ళోనో ఇంకొక ఆడది అట్లాగే బాట వైపు చూస్తూ కూర్చుంటుందని, ఆమెకు కబురు చేరే దారి ఈ ఎద్దు తప్ప మరోటి లేదని శ్రీశైలమ్మకు తోచింది.

మర్నాడు తెల్లవారగానే మునసబు వాకిట్లో నిలబడింది. “సామీ, ఎద్దు దొడ్లోకి పోతే ఇంకేం మిగల్దు. దానికి నోరు లేదుగానీ కాళ్ళుండాయి. ఇడిస్తే ఇంటికి పోతాది. దాని ఎనకాల మేం పోతాం.”

“ఎద్దు తప్పిపోతే ఎవరిదే పూచీ?”

“మా ఇంటాయన ఉండాడు.”

“అయితే ఐదో రోజుకు నీ మొగుణ్ణి తీసకపోయి దొడ్లో కట్టేస్తా.”

“కట్టెయ్యి సామీ. మేత గూడా పెద్దగా తినడు.”

మునసబు నవ్వాడు. నవ్విన మునసబు ఇక కాదనలేడు.

అట్లా మొదలైంది ప్రయాణం. ముందు తెల్లెద్దు, వెనక శ్రీశైలమ్మ, ఆమె వెనక నెత్తిన సద్దిమూట పెట్టుకుని లింగయ్య. ఎద్దు పల్లె దాటగానే తూర్పు దక్షిణంగా తిరిగి, హనుమంతునిపాడు దిక్కుకు మొగం పెట్టి, మామగారింటికి పోయే కొత్తల్లుడిలా నడిచింది. నచ్చిన చోట నిలబడింది. ఒకరి వామిలో జొన్నచొప్ప లాగింది. ఇంకొకరి కుడితి కుండలో మూతి పెట్టింది. తిట్లన్నీ వెనక వస్తున్న ఇద్దరికీ పడ్డాయి.

“ఏమ్మా, ఎద్దును మీరు తోలుతాండారా, మిమ్మల్ని ఎద్దు తోలుతాందా?” అని ఒక దుకాణం ముందు కూర్చున్నవాళ్ళు అడిగారు.

“మాకు దోవ తెల్వదు నాయనా. దానికి తెలుసు,” అంది శ్రీశైలమ్మ.

“పెండ్లయిన కాడ్నుంచి నాకు ఇదే వరస,” అన్నాడు లింగయ్య వెనకనుంచి.

రెండో రోజు పొద్దున్నే ఎద్దు నడక పెంచింది. ఒక ఊరి చివర సందులోకి మళ్ళి, తడిక తోసుకుని, నేరుగా కొట్టంలోకి పోయి తొట్టి ముందు నిలబడింది. ఇంట్లోంచి ఒక ఆడమనిషి పేడచేతులతో బయటికి వచ్చింది. దారిపొడవునా శ్రీశైలమ్మ మాటలు కూర్చుకుంటూ వచ్చింది, ఎట్లా మొదలుపెట్టాలి, ఎట్లా ఓదార్చాలి అని. ఆమెను చూడగానే మాటలన్నీ పోయాయి. పోయి గట్టిగా వాటేసుకుని ఘొల్లుమంది. ఏడ్చేవాళ్ళు మెడ మీద పడితే ఊరికే నిలబడే ఆడది ఈ సీమలో లేదు. ఆ ఇల్లాలు కూడా పేడచేతులు దూరంగా చాపి రాగం అందుకుంది. ఇరుగుపొరుగు చేరారు. రెండు గుక్కలు ఏడ్చినాక ఆమె మెల్లగా అడిగింది:

“ఎవరు పోయినారక్కా?”

“నీ మొగుడమ్మా!”

“నా మొగుడా? ఆయన అదిగో, ఆడ పండ్లు తోముకుంటాండాడు గదా!”

పెరట్లో బావి దగ్గర, నోట్లో వేపపుల్లతో, మల్లయ్య అనే ఆ రైతు తన చావుకు తనే బిత్తరపోయి నిలబడి ఉన్నాడు.

“అప్పుడు ఎలిగింది నాకు,” అంది శ్రీశైలమ్మ పంతులుతో, నెత్తి కొట్టుకుంటూ. “పుట్టినకాడ్నుంచి పశువుల్లో బతికినదాన్ని. పెరిగిన కొట్టానికి పోతాదిగానీ, నిన్న కొన్నోని ఇల్లు ఎద్దుకు ఎట్ల తెలుస్తాది? ఆ పాటి తోచల్యా!”

“నాకు తోచింది,” అన్నాడు లింగయ్య.

“తోస్తే చెప్పొద్దా?”

“చెప్తే ఇంటావా?”

ఏడుపు నవ్వుగా మారి, నవ్వు సంకటి ముద్దలుగా మారి, తింటుండగా మల్లయ్య నోరు విప్పాడు. అవును, ఆ ఎద్దును మొన్నటి సంతలో అమ్మింది తనే. కొన్నవాడి పేరు అడగలేదు. ఊరు మార్కాపురం అవతల అన్నట్టు గుర్తు.

“మొగం ఎట్లుంటాదన్నా?” అంది శ్రీశైలమ్మ.

“మొగం ఎవరు చూసినారు? బేరం కాడ కొనేటోని మొగం చూస్తే మన మొగంలో ఆశ కనపడతాదమ్మా. నేను ఎద్దు తోకనే చూస్తా. కానీ ఆ చెయ్యి మాత్రం నూరు చేతుల్లో ఉన్నా పడతా!”

పశువుల సంతలో బేరం నోటితో చెప్పరు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. పదులు తేలినాక, పైన చిల్లరకు ఒక్కో వేలికి ఒక్కో రూపాయి. చివరి మాటకు మల్లయ్య నాలుగు వేళ్ళు పట్టుకుంటే, అవతలి చేతిలో చిటికెన వేలు సగమే ఉంది.

“‘మూడున్నర’ అంటాడు ఆయన నా చెవిలో. ‘కాదు, నాలుగు’ అంటా నేను. ‘సగం వేలు పట్టుకొని నిండు రూపాయి అడిగితే ఎట్లన్నా’ అంటాడు. ఎంత నవ్వుకున్నామో! ఆఖరికి ఆ సగం నేనే ఇడిసిపెట్టినా.”

శ్రీశైలమ్మ నవ్వలేదు. కారిపోయిన నీళ్ళు ఆమెకు ఇప్పుడు అర్థమయ్యాయి. చిటికెన వేలు సగమైనవాడి దోసిట్లో నీళ్ళెట్లా నిలుస్తాయి? ఆ మనిషి చివరిగా విన్న మాట తన కసురు. ఇంకో ముద్ద తినలేక ఆమె చెయ్యి కడుక్కుంది.

మల్లయ్య ఇంకో మాట కూడా చెప్పాడు. “అది సేద్యగాని చెయ్యి కాదు తల్లీ. నాగలి పట్టినోనికి అరచెయ్యి కాయలు కాస్తాది. ఈయనకు వేళ్ళ కొసలు రాయి మాదిరి ఉండాయి. పలకలు చీల్చే చెయ్యి అయ్యుంటాది.”

పలకలంటే మార్కాపురమే. ఎద్దు వెనక్కి రానని మొండికేస్తే మల్లయ్య తనే మెడకు పలుపు తాడు వేసి ఊరి పొలిమేర దాకా సాగనంపాడు. నాలుగో రోజు సాయంత్రానికి వాళ్ళు పలకల గనికి చేరారు. గుంత అంచున నతానియేలు మేస్త్రి సుత్తి, ఉలి పట్టుకుని రాతిని పొరలు పొరలుగా విప్పుతున్నాడు.

“సగం వేలా? మా కాడ సగం మందికి ఏదో ఒక వేలు సగమే అమ్మా. ఏది?”

“కుడిచేతి చిటికెన వేలు.”

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు. “పిచ్చయ్య,” అన్నాడు. “ఇంటికాడ ఒక్కెద్దే మిగిలిందని ఈడ ఎనిమిదేండ్లు రాయి కొట్టినాడమ్మా. జతకు ఇంకోటి కొంటే మళ్ళా సేద్యం చేస్తానని చెప్పి పోయినాడు,” అన్నాడు. ఊరు యర్రగొండపాలెం పక్కన. భార్య పేరు అలివేలమ్మ.

మునసబుకు గడువు లోపల కబురు చెప్పడానికి లింగయ్య ఇంటికి పోయాడు. మేస్త్రిని తోడు తీసుకుని శ్రీశైలమ్మ ఎద్దుతో పాలెం బాట పట్టింది. ఈసారి ఎద్దుకు దోవ తెలియదు, కాబట్టి ఆమే ముందు నడిచింది.

పిచ్చయ్య ఇంటి ముందు ఒంటెద్దు కట్టేసి ఉంది. గడపలో కూర్చుని కందులు చెరుగుతున్న అలివేలమ్మ, తెల్లెద్దును చూసి చేట కింద పడేసి లేచింది. దాని మూపురం నిమిరింది, పండ్లు చూసింది. మొగమంతా నవ్వే. “జత కుదిరిందిలే! ఎద్దును ముందు తోలి ఆయన యాడ నిలబడినాడక్కా?” అని బాట వైపు తొంగి చూసింది.

ఈసారి శ్రీశైలమ్మ మెడ మీద పడలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పింది. అలివేలమ్మ చాలాసేపు ఏడవలేదు. ఒక్కటే అడిగింది:

“పోయేముందు నీళ్ళన్నా తాగినాడా అక్కా?”

“దోసిలి నిండా తాగినాడు,” అంది శ్రీశైలమ్మ.

కవ్వం ఆగిపోయింది. “ఆ ఒక్క అబద్ధానికి నాకు సిగ్గు ల్యా అయ్యోరా,” అంది ఆమె.

అలివేలమ్మ వచ్చి సమాధి దగ్గర చేయాల్సినవన్నీ చేసింది. చేసినాక, మా ఊరిదాకా నడిచొచ్చి ఎవరు చెప్తారక్కా ఈ కాలంలో అని శ్రీశైలమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పండుకుంది. అప్పటినుంచి వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళే. అప్పటినుంచే ఊళ్ళవాళ్ళు శ్రీశైలమ్మను పిలవడం మొదలుపెట్టారు. రైలుబండి దిగి గిద్దలూరు సత్రంలో పోయినవాణ్ణి అతని చెప్పుల కుట్టు పట్టుకుని తేల్చింది. ఒక ముసలవ్వను చేతి మీది పచ్చబొట్టు పట్టుకుని తేల్చింది. తేలనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి అడిగితే మాత్రం మజ్జిగలో ఉప్పు చాలిందా అంటుంది.

నిత్యానందం చెంబు అందుకుని లేచాడు. “వస్తా అవ్వా. రేపు తెల్లారే పాలెం పోవాల, మిషను పని ఉంది.”

“పాలెమా! ఆ మాట ముందు చెప్పొద్దూ? కూర్చో.” శ్రీశైలమ్మ చెయ్యి తుడుచుకుంది. “పోయిన వారం మార్కాపురం సంతలో ఎవరో ముసిలామె కింద పడి చచ్చిపోయిందంట, పాపం. ‘తెల్లజుట్టు, నల్లంచు కోక, గొల్లామె’ అన్నారంట. ఇంకేముంది, శ్రీశైలమ్మే అని తేల్చినారు. పాలెం నుంచి వచ్చిన గొర్రెల బేరగాడు నిన్న నన్ను వాకిట్లో చూసి, దయ్యమనుకొని తడిక ఇరగ్గొట్టుకొని ఉరికినాడు. పట్టుకొచ్చి కూర్చోబెట్టి అడిగితే, అలివేలమ్మకు కబురు చెప్పింది వాడేనంట!”

“అయ్యయ్యో,” అన్నాడు పంతులు.

“మొగుడు పోయిన పొద్దు గూడా ఆమె అంత ఏడవల్యా అన్నాడు వాడు. వాడు ఇప్పట్లో ఆ పక్కకు పోడంట. నా ప్రాణం ఉసూరంటాంది. నువ్వు రేపు ముందు ఆమె ఇంటికి పో నాయనా, నీ మిషను పని తర్వాత. జాబు గీబు పనికిరాదు, మనిషే పోవాల. నేను గుండ్రాయి మాదిరి ఉండానని చెప్పు. నమ్మకుంటే, ఈ దసరాకు నేనే వచ్చి నాలుగు తిడతానని చెప్పు.”

“అట్లే అవ్వా.”

అతను వాకిలి దాటాక వెనకనుంచి మళ్ళీ కేక వినిపించింది. “అయ్యోరా! నా దినానికి వడలకు పప్పు నానబోసుంటే ఆపొద్దను. చేసెయ్యమను! నాకో నాలుగు మూటగట్టుకొని రా!”