యాడ్నుంచి? యాడికి?

నిన్న మధ్యాహ్నం ఒకాయన పాత విదేశీ కారు తెచ్చి పుంగనూరులో మా షాపు ముందు ఆపాడు. బానెట్ ఎత్తి, ఇంజన్ ఆడుతుండగానే చెవి దగ్గర పెట్టాను. పాలు తాగే దూడ మూతి పొదుగు మీంచి పక్కకు జారినప్పుడు వచ్చే చప్పుడులాంటిది, లోపల ఎక్కడో, సన్నగా, ఆగకుండా వినిపించింది. వేడెక్కిన రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది. "యాడ్నుంచి? యాడికి?" తననే అడిగాననుకుని ఆయన, "కుప్పం నుంచి మదనపల్లెకు, అన్నా" అన్నాడు. నవ్వాల్సిన మాటే గాని నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నాకు నేర్పిన మనిషితో ఒక సాయంత్రం అదే దారిలో, ఇలాంటి కారులోనే, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆమె పేరు సువార్తమ్మ. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరయింది. అక్కడ పనిచేసిన పెద్ద డాక్టరుగారు వెళ్లిపోతూ తన జర్మనీ కారు ఆమెకిచ్చి పోయారట. కార్బురేటర్ లేకుండా పెట్రోలు ఇంజెక్షన్‌తో నడిచే కార్లు మా వైపు ఎవరూ చూడని కాలంలో వచ్చిన బండి అది. నేను పెద్దపంజాణి దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. చేతిపని ఒక షాపులో నేర్చుకున్నాను, మిగతాదంతా మదనపల్లె గ్రంథాలయంలో. అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి అక్కడి బీరువాలో దొరికింది, ఇంజెక్షన్ ఇంజన్ల గురించి. పక్కన నిఘంటువు పెట్టుకుని, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వెళ్లి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఈ సంగతి అప్పట్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ చెబుతాను, గర్వంగానే.

ఆమె మొదటిసారి వచ్చిన రోజు షాపు ముందు కారు రంకెలేస్తూ నిలబడింది. తెల్లచీర కట్టుకుని, మణికట్టుకు మగవాళ్ల వాచీ పెట్టుకున్న పెద్దావిడ స్టీరింగు ముందు కూర్చుని ఉంది. ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు యాక్సిలరేటర్ మీద. కాలు తీస్తే ఇంజన్ చచ్చిపోతుంది.

"ఏమప్పా, పుస్తకాలు సదివిన మెకానిక్ అంటే నువ్వేనా?"

"నేనేనమ్మా."

"అయితే సదువు. ఇది యాడ ఆగితే ఆడ సస్తాండాది. కుప్పంలో మా అక్క ఉండాది. ఊపిరితిత్తులు పాడయిపోయినాయి. ఒంటరిగా ఉండొద్దు, మదనపల్లెకు రమ్మంటే, ఆంబులెన్సు ఎక్కితే శవమయి దిగతా, నీ డొక్కు కారు తెస్తే వస్తా అంటాది. దీన్ని నువ్వు నడిపిస్తావో, నన్ను నడుచుకుంటా పొమ్మంటావో."

బానెట్ ఎత్తి చూస్తే నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు చేసినవాళ్లవన్నీ కార్బురేటర్‌కు అలవాటుపడ్డ చేతులు. గాలి గొట్టాలు ఎందుకో తెలియక, వాటికి 'ఎక్స్‌ట్రా పైపులు' అని పేరుపెట్టి పీకేశారు. పీకిన చోట ఒకదానికి బోల్టు, ఒకదానికి పెన్ను మూత, ఇంకోదానికి చింతపుల్ల దిగగొట్టారు. కాలు తీసినప్పుడు ఇంజన్ ఆగిపోకుండా కాస్త గాలి అందించే ఐడిల్ వాల్వు, ఏ గొట్టమూ లేకుండా తీగకు వేలాడుతోంది. పుస్తకంలో చదివింది ఆమెకు వివరించాను. ఈ ఇంజన్ లోపలికి పోయే గాలిని కొలిచి, దానికి తగినంత పెట్రోలు పోస్తుంది. కొలతకు దొరకకుండా దొంగదారిన గాలి దూరితే లెక్క తప్పుతుంది. అసలు దారి మూసేస్తే ఊపిరాడదు.

"అంటే సక్షన్" అందామె.

"పుస్తకంలో వాక్యూమ్ అంటారమ్మా."

"నీ పుస్తకంలో ఏమన్నా అనుకోనీ. పీల్చేది సక్షన్. ఇంగ సూడు, ఎక్స్‌ట్రా పైపులంట! మనిషి ఒంట్లో ఎక్స్‌ట్రా నరం ఉంటాదా?"

నేను స్పానర్ తీసేలోపే తన సంచిలోంచి బ్యాండేజీ గుడ్డ తీసి పీలికలు చింపింది. ఏ గొట్టం ముట్టుకున్నా ముందు రెండు చివరలా గుర్తుగా గుడ్డ కట్టాలి. ఆమె "యాడ్నుంచి?" అంటుంది. నేను ఒక చివర చేత్తో తాకి చెప్పాలి. "యాడికి?" అంటుంది. ఇంకో చివరా తాకి చెప్పాలి. ఆపరేషన్ థియేటర్లో తను నేర్చుకున్న పద్ధతట. ఊదే గొట్టమూ రబ్బరే, పీల్చే గొట్టమూ రబ్బరే. మధ్యలో పట్టుకుని చూస్తే రెండూ ఒకటే. చివరలు తాకినవాడికే తేడా తెలుస్తుంది.

లావుపాటి గొట్టం ఒకదాన్ని చూపిస్తూ, "ఇది బ్రేకు బూస్టర్‌కి పోతుందనుకుంటానమ్మా" అన్నాను.

నా మణికట్టు పట్టుకుని ఎత్తింది. "అనుకునేది ఇంటికాడ అనుకో. ఈడ తాకి సెప్పు."

తాకాను. బూస్టర్‌కే పోతోంది. నేననుకున్నది నిజమే. అయినా ఆమె మళ్లీ తాకించింది. నాకు చిరాకేసింది. ఇన్ని పేజీలు చదివినవాణ్ణి, చిన్నపిల్లాడిలా పాఠం అప్పజెప్పించుకుంటోంది అనిపించింది. నా మాటా ఒకచోట చెల్లింది. గొట్టాలు తక్కువపడితే ఆమె ఆసుపత్రి సక్షన్ ట్యూబు తీసి, "ఇది వెయ్యి" అంది. ఇంజన్ వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది, దారి మూసుకుంటుంది అన్నాను. "పుస్తకంలో ఉండాదా?" అంది. "ఉంది. బొమ్మ కూడా ఉంది" అన్నాను. ట్యూబు తిరిగి సంచిలో పెట్టేసుకుంది. తెలిసి చెప్పిన మాటకు ఆమె అడ్డుపడేది కాదు. తెలియక చెప్పే మాటంటేనే ఆమెకు కోపం.

వాల్వును పెట్రోలుతో కడిగి, బ్యాటరీ వైర్లు తగిలిస్తే 'టిక్' మంది. ప్రాణముంది. దానికి రెండు గొట్టాలు. ఒకటి గాలిని తెచ్చేది, ఇంకోటి ఆ గాలిని ఇంజన్‌లోకి చేర్చేది. రెండోది పెళుసెక్కి చీలిపోయింది. దాని బదులు పాత సామాన్ల అంగట్లో దొరికిన ముక్క కొంచెం వదులు. అయినా అది తగిలించి స్టార్ట్ చేశాం. ఆమె మెల్లగా కాలు తీసింది. ఇంజన్ ఆగలేదు. సన్నగా, ఒకే శ్రుతిలో ఆడుతూ ఉండిపోయింది. "ఊపిరి తీసుకుంటాండాది" అందామె, దాన్ని లేపకూడదన్నట్టు.

సరైన కొలత గొట్టం మర్నాడు తెస్తాను, అప్పుడు వెళదాం అన్నాను. అంతలో కుప్పం నుంచి ఫోనొచ్చింది. అక్కకు తెల్లవారినప్పటి నుంచి ఆయాసం ఎక్కువైందట, పక్కింటివాళ్లు చెప్పారు. సువార్తమ్మ ఫోను పెట్టేసి, స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి తీసుకుని, ఆ వదులు గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు పట్టీని తనే బిగించింది.

"చాలు. పోదాం. నువ్వూ ఎక్కు."

ఆమె నోట 'చాలు' అనే మాట వినడం అదే మొదటిసారి.

కుప్పంలో ఆమె అక్క దయామణమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మాట మాటకీ ఆగి గాలి తీసుకుంటోంది. అయినా ఎగతాళి మానలేదు. "వచ్చినావా? ఈ డొక్కుదాన్ని... తోసుకుంటా వచ్చినావా?" అంది. మేమిద్దరం చెరోవైపు పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాం. సామాను సర్ది బయల్దేరేసరికి పొద్దు వాలింది.

అడవి దారిలో కొంతదూరం పోయాక ఎవరో రోడ్డు మధ్యకొచ్చి చేతులూపారు. అటవీశాఖ వాచర్. కిటికీ దగ్గరికి వంగి గుసగుసగా చెప్పాడు. "ఏనుగులు దాటతాండాయి. పిల్లతో ఉండాయి. లైట్లు ఆపండమ్మా. హారన్ కొట్టద్దు. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఇటు మళ్లినాయంటే ఎనక్కి తీయాల." ముందు మలుపులో, మసక వెలుతురులో, రోడ్డు మీద నల్లటి ఆకారాలు కదులుతున్నాయి. వెదుర్లు విరిగే చప్పుడు వినిపిస్తోంది. ఆ కారు స్టార్టరు సంగతి నాకు తెలుసు. తిప్పితే రేకు కోసినట్టు అరుస్తుంది. అంటే ఇంజన్ ఆగకూడదు. యాక్సిలరేటర్ తొక్కి అరిపించనూకూడదు. ఆ సన్నటి శ్రుతి మీదే మేం నలుగురం ఆధారపడి ఉన్నాం.

దయామణమ్మ తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గును ఆపుకుంటోంది. అప్పుడే శ్రుతి మారింది. పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. పీల్చుకుంటున్న చప్పుడు మొదలైంది. సువార్తమ్మ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. "క్లాంపు" అంది, అంతే.

నేను తలుపు తీశాను. వాచర్ పళ్లు కొరుకుతూ, "ఏయ్, దిగొద్దప్పా, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. బానెట్ ఒక జానెడు ఎత్తి చెయ్యి దూర్చాను. లోపల చీకటి, సెగ. చేతికి ఒక గొట్టం చివర తగిలింది. ఎక్కడ దొరికితే అక్కడ తోసెయ్యాలని తొందర. ఇంజన్ తడబడుతోంది, ఇంకొక్క క్షణంలో పోతుంది. కిటికీలోంచి ఆమె గొంతు వినిపించింది, థియేటర్లో వినిపించేటంత నెమ్మదిగా.

"యాడ్నుంచి?"

గొట్టం వెంట వేళ్లు పోనిచ్చాను. వాల్వు అంచు తగిలింది. "వాల్వు నుంచి."

"యాడికి?"

ఇంజన్ మీద చేత్తో తడిమాను. చర్మం చురుక్కుమంది. ఒకచోట వేలిని ఏదో లోపలికి లాగింది, దూడ చీకినట్టు. "ఈడికి" అన్నాను. గొట్టం అక్కడ తోసి, పిడికిలితో బిగించి పట్టుకున్నాను. ఇంజన్ ఒకసారి దగ్గి, నిలదొక్కుకుంది. సన్నటి శ్రుతి తిరిగొచ్చింది. పెద్ద ఏనుగు ఒకటి ఆగి, చెవులు విప్పి మావైపు తిరిగింది. వాచర్ ఊపిరి నాకు వినిపిస్తోంది. చెయ్యి కాలుతోంది, తీయడానికి లేదు. పిల్ల దాటింది. ఆ తర్వాత పెద్దదీ దాటింది. వెదుర్ల చప్పుడు లోయలోకి దిగిపోయింది.

సువార్తమ్మ దిగి వచ్చి, గొట్టాన్ని బ్యాండేజీ గుడ్డతో తనే చుట్టి, నా వేళ్లు చూసింది. కారులో కూర్చున్నాక అంది. "ఆ క్లాంపు నేను బిగించినా. పట్టుకుంటాదా అని నన్ను నేను అడగలే. అక్క కోసం తొందరపడినా."

వెనక సీట్లోంచి దయామణమ్మ తువ్వాలు తీసి, "అట్నే... తప్పంతా నా మీదెయ్యి" అంది. అప్పుడు ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే ఆమె దగ్గు కూడా కలిసిపోయింది.

దయామణమ్మ మదనపల్లెలో చెల్లెలి పక్కనే కొన్నాళ్లు బతికింది. సువార్తమ్మ కూడా ఇప్పుడు లేదు. గ్రంథాలయానికి నేను ఇప్పటికీ పోతుంటాను. ఏ పుస్తకంలోనైనా గట్టిగా చెప్పిన వాక్యం కనబడితే ఆమె గొంతు వినిపిస్తుంది. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది, రెండు చివరలూ తాకావా అని. పుస్తకం మీద గౌరవం తగ్గలేదు. అప్పటిదాకా చదివి తల ఊపేవాణ్ణి, ఇప్పుడు చదివి చెయ్యి చాపుతాను.

నిన్నటి కారులో జారిన గొట్టం దొరికింది. పాతదే, చివర సాగిపోయింది. కారాయన ఎండ వైపు చూస్తూ, "మదనపల్లెకు పోయి, చీకటి పడకముందే తిరిగి అడవి దాటాల. ఇంట్లో ఎదురుసూస్తాంటారు. క్లాంపు గట్టిగా బిగిస్తే చాలదా అన్నా?" అన్నాడు.

"చాలదు. కొత్తది తెప్పిస్తాను, రేపు పో" అన్నాను.

ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను సొరుగులోంచి బ్యాండేజీ గుడ్డ తీసి ఒక పీలిక చింపి, ఆ చివర గుర్తుగా కట్టమని ఆయన చేతికే ఇచ్చాను.