వేడియప్పకు పూసిన సున్నం

గోపమ్మ మనిషి పిడికెడే గానీ, ఆమె ఒక్క కేక వేస్తే తమిళనాటి పల్లె పెరియంపట్టిలో పశువులన్నీ చేలు వదిలి దారికి వచ్చేవి. పదహారేళ్ళకు పాపిరెడ్డిపట్టి నుంచి కోడలిగా వచ్చింది మొదలు నలభై ఏళ్ళు ఆవుల వెంటే తిరిగింది. భర్త ఆదిమూలం పోయిన రోజు కూడా పాలు పితికిన తర్వాతే ఏడ్చింది. ఆ ఏడుపు కూడా ఇంట్లో కాదు, చేని గట్టు మీది వేడియప్ప రాయి దగ్గర.

ఆ రాతిలో విల్లు పట్టిన వీరుడు, అతని కాళ్ళ దగ్గర రెండు ఆవులు; ఊరంతా ఆయన్నే పశువులను కాచే వేడియప్పగా కొలుస్తుంది. ఏ ఆవు ఈనినా మొదటి పాలు ఆయనకే పోయాలి, తర్వాతే మనుషులకు. ఒక ఏడు గాలికుంటు వచ్చినప్పుడు గోపమ్మ తన మందను ఆ రాయి చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఊళ్ళో పశువులు పోయాయి గానీ, ఆమె మందలో ఒక్క దూడ కూడా చావలేదు. డాక్టరు సూది వల్లనే బతికాయని కొడుకు మోహన్‌రాజ్ వాదిస్తే, "సూది ఊరందరి ఆవులకూ వేసినాడు గదరా!" అని నోరు మూయించింది.

2006 వేసవిలో ఒక సాయంత్రం ఆ కొడుకే చావు కబురు చల్లగా చెప్పాడు. "రేపు ధర్మపురి మ్యూజియమోళ్ళు వస్తారంటమ్మా. వేడియప్ప రాతి మింద అక్షరాలుంటే ఎత్తుకోని పోతారంట. లేకుంటే ఈడనే వదిలేస్తారంట."

వీరుడి తల పైన ఏవో గీతలున్న సంగతి గోపమ్మ వేళ్ళకు తెలుసు. అవి అక్షరాలో కావో మాత్రం ఆమెకే కాదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెల్లవారగానే చట్టి నిండా సున్నం కలుపుకుని చేనికి పోయి, గీతల్లోకి వేలితో కూరి, పైన మందంగా పూసింది. పండక్కి ఎలాగూ పూసేదే, ఈసారి ముందే పూశానంటే ఎవరు కాదంటారు?

తొమ్మిది గంటలకు లారీ వచ్చింది. అందులోంచి తాళ్ళు, గడ్డపారలు పట్టుకుని నలుగురు మనుషులు దిగారు. వాళ్ళకు ముందు నడిచి వచ్చిన మ్యూజియం అమ్మాయి పేరు యోగలక్ష్మి.

"మాది మొరప్పూరు అవ్వా, మా ఇంట్లోనూ తెలుగే," అంది ఆ అమ్మాయి.

ఎవరి ఇంట్లో ఏం మాట్లాడితే నాకేం అనుకుంది గోపమ్మ. ఆమె కళ్ళు గడ్డపారల మీదే ఉన్నాయి.

యోగలక్ష్మి రాతిమీద వేలు పెట్టి చూసింది. "సున్నం ఇంకా ఆరనే లేదే!"

"పండగ వస్తావుంది పాపా," అంది గోపమ్మ. ఏ పండగో అడగకుండా ఉంటే చాలని వేడియప్పకే మొక్కుకుంది.

ఆ అమ్మాయి అడగలేదు. చెంబుతో నీళ్ళు చల్లి తడిగుడ్డతో మెల్లగా తుడిచింది. పైపూత కారిపోయింది. గోపమ్మ కూరిన సున్నం మాత్రం గీతల్లోనే నిలిచిపోయింది. నల్లరాతి మీద నాలుగు వరసల అక్షరాలు తెల్లగా, తేటగా లేచి నిలబడ్డాయి.

"అవ్వా! చదివేదానికి మేమూ ఇట్లనే సుద్దపొడి రుద్దుతాము. నాకు పని లేకుండా చేసేసినావే!"

తన చేత్తో తానే పట్టిచ్చింది. గోపమ్మ సున్నం అంటిన వేళ్ళను కొంగుకు తుడుచుకుంది. యోగలక్ష్మి ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ కూడబలుక్కుంటుంటే, లారీ మనుషులు కూడా మాటలు మాని చుట్టూ చేరారు.

"పాత తమిళం అవ్వా. పగవాళ్ళు తోలుకోని పోయిన ఆవుల్ని మళ్ళించి, ఆ పోరులో చచ్చిపోయిన మారన్‌కు తల్లి నాటించిన రాయి, అని ఉండాది."

"తల్లి నాటించినదా?"

"అవును. ఈ చేను నీది. నువ్వు వద్దంటే ఎత్తము, రాసుకోని పోతాము. నీ ఇష్టమే."

ఎత్తనక్కర్లేదనే మాట కోసమే గోపమ్మ రాత్రంతా కన్ను మూయలేదు. తీరా అది చెవిన పడితే సంతోషం రాలేదు. కొడుకు పేరు నలుగురూ చదవాలనే కదా ఆ తల్లి చెక్కించింది. ఇన్ని తరాలుగా చదివిన వాళ్ళు లేరు. పైగా ఈ పొద్దు ఒక ఆడమనిషే, కొడుకును కన్న ఆడమనిషే, దాన్ని పూడ్చేయాలని చూసింది.

"ఎత్తుకోని పోండి. చదివేవాళ్ళుండే చోట పెట్టండి," అంది చివరికి.

మనుషులు తాళ్ళు విప్పుతుంటే చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాట నాకు నోటికి వచ్చినాకనే రాతిమింద చెయ్యి వేయండి. చదువు పాపా."

యోగలక్ష్మి పదకొండుసార్లు చదివింది.